తరంగ దశను చేజిక్కించుకొన్న శాస్త్రవేత్త డెన్నిస్ గాబర్

శాస్త్రవేత్తల జీవిత చరిత్రలను చదువునప్పుడు వారి విజయములే ముందుగా మన కంటబడును. ఎవరు ఏ సంవత్సరమున ఏమి కనుగొన్నారు, ఏ బహుమానము పొందినారు అనునవి పరీక్షలకు పనికివచ్చు విషయములు. కాని చేతికందిన ఫలమును ఒకసారి జారవిడిచి, ఇరువది సంవత్సరముల తరువాత వేరొక త్రోవన అదే చెట్టు చెంతకు తిరిగి వచ్చిన వారి కథ అరుదుగా వినబడును. ఆ చెట్టు తాను కోరిన కొమ్మకు కాక మరియొక కొమ్మకు కాచుట, అందుకు లోకము తనను సన్మానించుట ఇంకను అరుదు. హోలోగ్రఫీ అను ప్రక్రియకు ఆద్యుడైన డెన్నిస్ గాబర్ జీవితము అట్టిది.

బ్యాంకు కార్డు మీద రంగులు మార్చుచు మెరిసెడి చిన్న ముద్రను మనమందరము చూచియున్నాము. దానిని హోలోగ్రామ్ అందురు. ఆ ప్రక్రియ ముద్రల కొరకు పుట్టినది కాదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోని ఒక మొండి దోషమును జయించుటకై పుట్టినది. నంగునూరు వంటి గ్రామీణ ప్రాంతమున విజ్ఞాన శాస్త్రము చదువుకొనుచున్న మన విద్యార్థులకు ఈ విషయము ఉపయోగకరముగా ఉండునని తలచి, ఆ మహనీయుని జీవితమును, ఆయన పట్టుకొన్న సమస్యను ఇచట వివరింపబూనినాము.

బాల్యము, విద్య

గాబర్ 1900 జూన్ 5వ తేదీన హంగేరీ దేశపు రాజధాని బుడాపెస్ట్ నగరమున జన్మించినారు. ముగ్గురు అన్నదమ్ములలో ఆయనే పెద్దవారు. తండ్రి బెర్తలాన్ ఒక గనుల సంస్థకు డైరెక్టరు. పదునైదవ ఏట గాబర్‌కు భౌతిక శాస్త్రముపై ఒక్కసారిగా మక్కువ కలిగినది. విశ్వవిద్యాలయములో చేరువరకు ఆగలేక, తమంతట తామే కలన గణితమును నేర్చుకొని, ఆనాటి అతి పెద్ద భౌతిక శాస్త్ర గ్రంథమైన ఖ్వోల్సన్ రచనను రెండేండ్లలో సాధన చేసినారు. సూక్ష్మదర్శినిలో ప్రతిబింబము ఏర్పడు తీరును గూర్చి ఆబె చెప్పిన సిద్ధాంతము, రంగుల ఛాయాచిత్రములకు లిప్‌మన్ కనిపెట్టిన పద్ధతి ఆ బాలుని మనస్సులో గాఢముగా నాటుకొన్నవి. తమ్ముడు జార్జ్‌తో కలిసి ఇంటిలోనే చిన్న ప్రయోగశాల ఏర్పరచి, ఎక్స్ కిరణములు, నిస్తంత్రి వార్తలు మొదలగు నాటి కొత్త ప్రయోగములను చేసి చూచినారు.

ఇంత మక్కువ ఉండియు, కళాశాల చదువునకు వచ్చుసరికి ఆయన ఇంజనీరింగునే ఎంచుకొన్నారు. నాటి హంగేరీలో భౌతిక శాస్త్రజ్ఞులకు ఉద్యోగములు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. ఇష్టమైన విద్యకును, కూడు పెట్టు విద్యకును నడుమ తగవు మన యువకులకే కాదు, ఆయనకును తప్పలేదు.

1918లో మొదటి ప్రపంచ యుద్ధపు చివరి దినములలో ఆయన సైన్యమున చేరి ఇటలీ సరిహద్దునకు వెళ్ళినారు. తిరిగి వచ్చి బుడాపెస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయమున చదువు ప్రారంభించినారు. ఆ కుటుంబము యూదు సంతతికి చెందినది. 1918లో లూథరన్ శాఖను స్వీకరించినది. యుద్ధానంతరము హంగేరీ వాతావరణము మారినది. 1920లో యూదు విద్యార్థుల ప్రవేశమునకు పరిమితి విధించుచు అక్కడ ఒక చట్టము వచ్చినది. ఆ కాలముననే గాబర్ స్వదేశమును వీడి బెర్లిన్ చేరినారు. 1924లో పట్టమును, 1927లో డాక్టరేటును అచ్చటి సాంకేతిక విద్యాలయము నుండియే పొందినారు. ఐన్‌స్టీన్, ప్లాంక్, నెర్న్‌స్ట్, లావే వంటి ఉద్దండులు ఆ నగరముననే ఉండిరి. తరగతి ఇంజనీరింగుదే అయినను, మనస్సు మాత్రము భౌతిక శాస్త్రము వైపే లాగుచుండెను.

చేజారిన ఫలము

విద్యుత్తు తీగల వెంట మెరుపువలె పరుగెత్తు అలజడులను పరిశీలించుటకు వేగవంతమైన కాథోడ్ కిరణ ఆసిలోగ్రాఫును నిర్మించుట ఆయన డాక్టరేటు పరిశోధన. అందులో ఎలక్ట్రాన్ పుంజమును ఒక బిందువునకు చేర్చుటకై, ఇనుప కవచము తొడిగిన ఒక పొట్టి తీగచుట్టను ఆయన తయారుచేసినారు. నిజమునకు అది ఎలక్ట్రాన్లకు కటకము. గాజు కటకము కాంతిని వంచినట్లు ఆ చుట్టలోని అయస్కాంత క్షేత్రము ఎలక్ట్రాన్లను వంచును. కాని అది ఎందువలన పనిచేయుచున్నదో ఆయనకు ఆనాడు తోచలేదు. హాన్స్ బుష్ అను శాస్త్రజ్ఞుడు 1926లో లెక్కలతో నిరూపించిన పిదప గాని, తాను చేసినది కటకమని గాబర్ గ్రహింపలేదు.

1928 ప్రాంతమున సాటి హంగేరీయుడు, మిత్రుడు అయిన లియో సిలార్డ్ బెర్లిన్‌లోని ఒక కాఫీ హోటలులో ఆయనతో మాటలాడుచు, ఎలక్ట్రాన్లతో సూక్ష్మదర్శిని ఏల నిర్మింపరాదని ప్రోత్సహించినాడు. జీవ పదార్థమును శూన్యములో ఉంచుట సాధ్యము కాదనియు, ఎలక్ట్రాన్ల తాకిడికి అది మాడి మసియగుననియు గాబర్ ఆ సలహాను తోసిపుచ్చినారు. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అయినను 1931లో క్నోల్, రుస్కా అను వారు బెర్లిన్‌లోనే మొదటి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించినారు. రుస్కాకు 1986లో నోబెల్ బహుమానము లభించినది. అవరోధమును ముందు చూచిన వానికి గాక, అవకాశమును ముందు చూచిన వానికే ఫలము దక్కినది.

వలస, పరాయితనము

డాక్టరేటు అనంతరము గాబర్ సీమెన్స్ సంస్థలో చేరి పాదరసపు దీపములపై పనిచేసినారు. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారమునకు రాగా ఆ ఉద్యోగము పోయినది. కొంతకాలము హంగేరీలో గడపి, 1934లో ఇంగ్లాండు వెళ్ళి రగ్బీ పట్టణమునందలి బ్రిటిష్ థామ్సన్ హ్యూస్టన్ కంపెనీ పరిశోధనశాలలో కుదురుకొన్నారు. 1936లో మార్జొరీ బట్లర్ అను ఆంగ్ల వనితను వివాహమాడినారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున విదేశీయుడగుటచే రహస్య పరిశోధనలు జరుగు ఆవరణలోనికి ఆయనకు ప్రవేశము లేదు. కంచె వెలుపల ఒక చిన్న కుటీరములో ఆయన పని సాగినది. తోటివారు రాడార్ వంటి యుద్ధకాల పరిశోధనలలో మునిగియుండగా, ఆయనకు లభించినది ఏకాంతము, ఆలోచించుటకు తీరిక. 1946లో ఆయనకు బ్రిటిష్ పౌరసత్వము లభించినది. ఆ సంవత్సరముననే వార్తా ప్రసార సిద్ధాంతముపై ఆయన ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రమాణముగా నిలిచియున్నది.

దశ అనగా నేమి?

ఇక ఆయన సమస్యను అర్థము చేసికొందము. చెరువులో రాయి విసరిన అలలు లేచును. ప్రతి అలకు రెండు గుణములు కలవు. మొదటిది అల ఎంత ఎత్తు లేచినదనునది. రెండవది ఒకానొక క్షణమున ఒకానొక చోట అల శిఖరమున్నదా, పల్లమున్నదా, లేక ఆ రెంటి నడుమ ఉన్నదా అనునది. ఈ రెండవ గుణమునే భౌతిక శాస్త్రమున దశ అందురు. జ్యోతిషములో చెప్పెడి దశకు దీనితో ఏ సంబంధమును లేదు.

కాంతియు, ఎలక్ట్రాన్ పుంజమును తరంగములే. కాని మన కన్ను గాని, ఛాయాచిత్ర ఫలకము గాని వాటి తీవ్రతను మాత్రమే గుర్తించును. ఎంత వెలుగు పడినదో ఫలకమునకు తెలియును. ఏ దశలో పడినదో తెలియదు. చిత్రము తీసిన ప్రతిసారి తరంగము మోసుకొనివచ్చిన సమాచారములో ఒక భాగము ఈ విధముగా జారిపోవుచున్నది.

ఆ జారిపోయిన భాగము స్వల్పమైనది కాదు. పలుచని నమూనా గుండా ఎలక్ట్రాన్లు పోవునప్పుడు వాటిలో అధికభాగము ఆగక దాటిపోవును. శుభ్రమైన కిటికీ అద్దము కాంతిని తగ్గింపక కొంచెము ఆలస్యము మాత్రమే చేయునట్లు, ఆ నమూనా ఎలక్ట్రాన్ తరంగపు దశను మాత్రమే మార్చును. కనుక సరిగా కేంద్రీకరించిన చిత్రములో దాదాపు ఏమియు కనబడదు. వస్తువును గూర్చిన వార్త యంతయు దశలోనే ఉన్నది; ఫలకమేమో దానిని వినలేకున్నది. సాధారణ కాంతి సూక్ష్మదర్శినిలో ఈ చిక్కును డచ్చి శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ జెర్నికె 1930 దశకమున ఒక ఉపాయముతో పరిష్కరించి, 1953లో నోబెల్ బహుమానము పొందినాడు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి మరియొక వ్యాధి కూడ ఉండెను. 1936లో జర్మనీకి చెందిన షెర్జర్, గుండ్రని అయస్కాంత కటకములకు గోళీయ విపథనము తప్పనిసరి అని నిరూపించినాడు. కటకపు అంచుల గుండా వచ్చు కిరణములు, నడిమి గుండా వచ్చునవి ఒకే బిందువునకు చేరక చిత్రము మసకబారును. వేగముగల ఎలక్ట్రాన్ల తరంగ దైర్ఘ్యము ఆంగ్‌స్ట్రామ్‌లో ఇరువదవ వంతు మాత్రమే. ఆంగ్‌స్ట్రామ్ అనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఇంత సూక్ష్మమైన తరంగముతో పరమాణువులు స్పష్టముగా కనబడవలెను. కాని 1947 నాటికి ఆచరణలో సుమారు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటె చిన్నవి విడివడి కనబడుట లేదు. స్ఫటికములలో పరమాణువుల నడుమ దూరము దాదాపు 2 ఆంగ్‌స్ట్రామ్‌లు. గమ్యము కంటి ముందే ఉన్నది, కాని చేయి అందుట లేదు.

కొత్త సూత్రము

1947 ఈస్టర్ పండుగ దినములలో రగ్బీలోని టెన్నిస్ మైదానము వద్ద తమ వంతు కొరకు వేచియుండగా గాబర్ మనస్సులో ఒక ఆలోచన మెరిసినది. కటకమును బాగుచేయుటకు అందరు తంటాలు పడుచున్నారు. కటకము చెడ్డదైనను, మసక చిత్రములో వస్తువును గూర్చిన సమాచారము యావత్తు చెదరిపోయిన రూపములో ఇంకను ఉన్నది కదా! దశతో సహా దానినంతటిని ఫలకముపై భద్రపరచి, పిమ్మట కాంతితో సవరించుకొనరాదా?

దశను ఫలకముపై వ్రాయుట ఎట్లు? మరల చెరువు వద్దకే పోదము. రెండు చోట్ల రాళ్ళు వేసిన రెండు వలయముల అలలు కలిసికొనును. శిఖరముపై శిఖరము పడిన చోట నీరు పెద్దగా ఉబుకును. శిఖరము పల్లముతో కలిసిన చోట నీరు నిశ్చలముగా ఉండును. ఈ హెచ్చుతగ్గుల చారలను చూచి, రెండవ అల మనకు ముందే తెలిసినచో, మొదటి అల ఏ దశలో వచ్చినదో చెప్పవచ్చును. ఇదే వ్యతికరణము. అట్లే వస్తువు నుండి వచ్చు తరంగముతోపాటు వస్తువును తాకని స్వచ్ఛమైన మరియొక తరంగమును ఫలకము మీదికి పంపినచో, దశ చారల రూపమున తీవ్రతగా మారి ఫలకముపై ముద్రితమగును. గాయకునకు తంబుర శ్రుతి ఎట్టిదో, ఇచట ఆ నిర్దేశ తరంగము అట్టిది.

తరువాతి మెట్టు ఇంకను విచిత్రమైనది. ఆ ఫలకము గుండా మరల నిర్దేశ తరంగమును పంపినచో, వస్తువు నుండి మొదట బయలుదేరిన తరంగమే తిరిగి ప్రత్యక్షమగును. ఎలక్ట్రాన్లతో వ్రాసి కాంతితో చదివినచో, తరంగ దైర్ఘ్యముల నిష్పత్తి వలన లక్ష రెట్ల వరకు వర్ధనము లభించును. ఎలక్ట్రాన్ కటకపు దోషమును గాజు కటకములతో సరిదిద్దవచ్చును. సంపూర్ణము అను అర్థముగల గ్రీకు పదము నుండి గాబర్ ఆ ఫలకమునకు హోలోగ్రామ్ అని పేరిడినారు.

సిద్ధాంతమును కాంతితోనే పరీక్షింప నిశ్చయించి ఆయనయు, సహాయకుడు ఐవర్ విలియమ్సును పనికి పూనుకొన్నారు. లేజర్ అప్పటికి పుట్టలేదు. ఉన్నది పాదరసపు దీపము మాత్రమే. దాని కాంతిని 3 మైక్రానుల సూదిబెజ్జము గుండా పంపి, ఒక మిల్లీమీటరు వ్యాసముగల సూక్ష్మ ఛాయాచిత్రమును వస్తువుగా ఉంచి, నిమిషముల తరబడి ఫలకమును వెలుగులో నిలిపినారు. ఆ చిన్న చిత్రములో వ్రాసియున్నవి హైగెన్స్, యంగ్, ఫ్రెనెల్ అను ముగ్గురి పేర్లు. తరంగ సిద్ధాంతమును నిలబెట్టిన గురువులకు ఆ విధముగా నమస్కరించినారన్నమాట. ఫలకముపై అర్థముకాని వలయములే కనబడినవి. వెలుగు పంపగానే ఆ పేర్లు తిరిగి చదువదగినట్లు వెలసినవి. 1948 మే మాసమున నేచర్ పత్రికలో ఈ నూతన సూత్రము ప్రకటితమైనది. 1949 జనవరి 1వ తేదీన గాబర్ లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో అధ్యాపకులుగా చేరి, 1967లో పదవీ విరమణ చేయువరకు అచ్చటనే ఉన్నారు.

నిద్రాకాలము, పునరుజ్జీవనము

అయితే ఏ పనికై ఈ ప్రక్రియ పుట్టినదో, ఆ పనిలో అది ముందుకు సాగలేదు. ఎలక్ట్రాన్లతో హోలోగ్రామ్‌లు తీయుటకు ఇంగ్లాండులో హెయిన్, మల్వీ మొదలగువారు కొన్ని సంవత్సరములు శ్రమించినారు. యంత్రముల కంపనము, విద్యుత్తు నిలకడలేమి, అన్నింటికి మించి క్రమబద్ధమైన ఎలక్ట్రాన్ పుంజము లభింపకపోవుట అడ్డుతగిలినవి. అదిగాక, చిత్రమును తిరిగి పొందునప్పుడు అసలు ప్రతిబింబముతోపాటు ఒక జంట ప్రతిబింబము వచ్చి దానిని మసకబరచుచుండెను. 1955 నాటికి ఆ ప్రయత్నములు ఆగిపోయినవి. హోలోగ్రఫీ దీర్ఘ నిద్రలోనికి జారినది.

1960లో లేజర్ పుట్టుటతో దానికి మెలకువ వచ్చినది. అమెరికాలోని మిచిగన్‌లో లీత్, ఉపాత్‌నీక్స్ అను వారు నిర్దేశ తరంగమును ఏటవాలుగా పంపి జంట ప్రతిబింబమును విడదీసినారు. 1964 నాటికి వారు వస్తువుల లోతు సైతము కనబడు చిత్రములను చూపి లోకమును అబ్బురపరచినారు. సోవియట్ దేశమున డెనిస్యూక్ 1962లో వేరొక పద్ధతిని సాధించినాడు. 1971లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమానము గాబర్ ఒక్కరికే ప్రదానము చేయబడినది. ఆయన తలపెట్టినది పరమాణువులను చూచుట. ఆయనకు కీర్తి తెచ్చినది మామూలు కాంతితో తీసిన చిత్రము.

దశను కేవలము తీవ్రతా చిత్రముల నుండియే రాబట్టు మరికొన్ని మార్గములు కూడ ఏర్పడినవి. దిగుడు బావిలో ఎండ పడినప్పుడు అడుగున వెలుగు వలవలె కదలాడుట మనము చూచియుందుము. నీరు తేటగానే ఉన్నను, పై అల వంపులు ముందుకు పోవుకొలది వెలుగునీడలుగా మారును. కావున కేంద్రమునకు కొంచెము ముందు, కొంచెము వెనుక తీసిన చిత్రములను పోల్చి దశను గణింపవచ్చునని 1983లో టీగ్ చూపినాడు. అంతకు ముందే, 1972లో గెర్చ్‌బర్గ్, సాక్స్‌టన్ అను వారు ఒక ప్రతిబింబమును, దాని వివర్తన చిత్రమును తీసికొని, దశను మొదట ఊహించి, ఆ రెంటికిని పొసగువరకు గణన యంత్రముతో ముందునకు వెనుకకు సవరించుచు పోవు విధానమును కనిపెట్టినారు.

గాబర్ 1963లో ప్రకటించిన గ్రంథములో విజ్ఞానము సమాజమును దాటి పరుగెత్తుటను గూర్చి హెచ్చరించినారు. అణుయుద్ధము, అధిక జనాభా, పనిలేని తీరిక అను మూడు ప్రమాదములను పేర్కొని, భవిష్యత్తును ముందుగా చెప్పుట సాధ్యము కాకపోయినను దానిని నిర్మించుకొనుట మన చేతిలోనే ఉన్నదని బోధించినారు. 1974లో పక్షవాతముతో ఆయన వ్రాతయు చదువును కుంటుపడినవి. 1979 ఫిబ్రవరి 9వ తేదీన లండన్‌లో కన్నుమూసినారు.

ఆయన కోరిన ఫలము సరిగా ఆ కాలముననే పూత పట్టినది. 1970 దశకపు చివర జపాన్‌లో హిటాచీ సంస్థకు చెందిన తొనొమురా ప్రకాశవంతమైన కొత్త ఎలక్ట్రాన్ మూలముతో చక్కని ఎలక్ట్రాన్ హోలోగ్రామ్‌లు తీసినాడు. 1986లో ఆయన బృందము, అయస్కాంత క్షేత్రము తమను తాకకున్నను ఎలక్ట్రాన్ల దశ మారుచున్నదని ఆ పద్ధతితోనే నిరూపించినది. 1995లో జర్మనీకి చెందిన లిష్టె, సహచరులు గోళీయ విపథనమును హోలోగ్రామ్ ద్వారా సవరించి, సూక్ష్మదర్శిని హద్దును దాటినారు. గాబర్ 1947లో కన్న కల అక్షరాల నెరవేరినది. మరి మూడేండ్లకు, 1998లో, హైడర్, రోజ్, ఉర్బాన్ గుండ్రనివి కాని కటకములను చేర్చి కటకమునే సరిదిద్దినారు. అనగా రెండు త్రోవలును గమ్యము చేరినవి.

విద్యార్థులకు ఒక మాట

ఈ చరిత్ర నుండి మనము గ్రహింపదగినది ఏమి? యౌవనమున గాబర్ వద్ద కటకము ఉండెను, మిత్రుని సలహా ఉండెను. ఆయన చూచినది ఆక్షేపణ మాత్రమే. నడివయస్సున ఆయన వద్ద ఒక పాదరసపు దీపము, ఒక సూదిబెజ్జము, చెడ్డ కటకముపై ఒక ప్రశ్న మాత్రమే ఉండెను. అయినను చెదరిన చిత్రములో చెదరక నిలిచియున్న సమాచారమును చూచినారు. పరికరములు చాలని కళాశాలలో చదువుచున్నామని మన విద్యార్థులు కొందరు చింతింతురు. ఆ చింత నిరాధారము కాదు. దానిని తీర్చు పూనిక కళాశాల సంఘము వారిదియు, మనందరిదియు. కాని లోపము కనబడిన చోట నిలిచిపోక, ఆ లోపము వెనుక ఇంకను ఏమి మిగిలియున్నదని అడుగు అలవాటునకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో వ్యతికరణ చారలను లెక్కించు దినమున, ఆ చారలలో దాగియున్నది దశ అని, దానిని చదువ నేర్చిన పిదపనే మానవుడు పరమాణువుల ముంగిట నిలువగలిగినాడని మన విద్యార్థులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.